మత్తు లేని నల్ల బీర్ల కోసం ప్రాగ్ నుంచి బ్ర్నో దాకా

గురువారం, ప్రాగ్

చెక్ రాజధాని ప్రాగ్‌లో దిగి, హోటల్లో బ్యాగు పడేసి నేను మొదట వెళ్ళింది చార్లెస్ బ్రిడ్జికి కాదు, వీధి చివరి సూపర్ మార్కెట్‌కి. మన దగ్గర ఆల్కహాల్ లేని బీరంటే కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో ఏ మూలో రెండు డబ్బాలు కనిపిస్తాయి. ఇక్కడ దానికంటూ ఒక అరల వరుస మొత్తం ఉంది, సీసాలు, డబ్బాలు, నిమ్మ, కోరిందపండు, పంపర పనస, ఇంకా నాకు పేరు తెలియని పళ్ళ బొమ్మలు. వీటన్నిటినీ కలిపి ఇక్కడివాళ్ళు 'నెఆల్కో' అంటారు. బార్‌లో కూడా అదే మాట చెప్తే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు, నీకేమైనా ఆరోగ్యం బాగాలేదా అని ఎవరూ అడగరు. నేను మందు తాగను కాబట్టి ఈ చివరి విషయం నాకు చాలా ముఖ్యం.

ఇంత పెద్ద ఎత్తున ఎందుకుందంటే కారణం సూటిగా ఉంది. తలసరి బీరు తాగడంలో చెక్ దేశం ఏళ్ళ తరబడి ప్రపంచంలో ముందు వరసలో ఉంది. అదే దేశంలో కారు నడిపేవాడి రక్తంలో ఆల్కహాల్ సున్నా ఉండాలని చట్టం, కొంచెం ఫర్వాలేదు అనే మాటే లేదు. మధ్యాహ్నం భోజనంలో బీరు లేకపోతే ముద్ద దిగని మనిషికి ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకోవాల్సి ఉంటే ఏం చేస్తాడు? అందుకే 1970ల్లోనే, కమ్యూనిస్టు చెకోస్లొవేకియా రోజుల్లోనే, 'పిటో' అని ఒక ఆల్కహాల్ లేని బీరు వచ్చింది. 1992 నుంచి 'బిరెల్' దొరుకుతోంది, ఇప్పుడు అది ఎక్కడికి వెళ్ళినా కనిపించే పేరు. స్వియానీ అనే ఊరి బ్రూవరీ అయితే తన నెఆల్కోకి 'వోజ్కా' అనే పేరు పెట్టింది, అంటే బండి తోలేవాడు. ఎవరి కోసం చేశారో పేరులోనే ఉంది.

ఇక్కడ ఒక విషయం ముందే చెప్పాలి, మతం వల్లో, మందుల వల్లో, మానేసిన అలవాటు వల్లో ఒక్క చుక్క కూడా వద్దనుకునేవాళ్ళు ఉంటారు కదా. చెక్ చట్టం ప్రకారం 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నా దాన్ని ఆల్కహాల్ లేని బీరనే అమ్మొచ్చు. మత్తు ఎక్కే మోతాదు కాదు, కానీ సున్నా కూడా కాదు. పూర్తిగా వద్దనుకుంటే లేబుల్ మీద 0.0 అని ఉన్నవే చూసుకోండి.

నాకు కావలసింది రంగు ఉన్నవి. చెక్‌లో లేతవాటిని స్వియెత్లే అని, సగం ముదురువాటిని పొలొత్మవే అని, నల్లవాటిని త్మవే అని అంటారు. అరల ముందు చాలాసేపు నిలబడి వెతికాక అర్థమైంది, ఆల్కహాల్ లేనివాటిలో నూటికి తొంభై లేత రంగువే. ముదురువి ఉన్నా ఎక్కువ శాతం పొలొత్మవే, అంటే మన ఫిల్టర్ కాఫీ డికాక్షన్ అంత నలుపు కాదు, వెలుతురుకి పెడితే ఎర్రగా మెరిసే రాగి రంగు. కాబట్టి ఈ కథనంలో నేను నల్ల బీరు అన్న ప్రతిచోటా ఆ రాగి రంగు నుంచి నలుపు దాకా అని అనుకోండి.

సాయంత్రం ఉ ఫ్లెకూకి వెళ్ళాను. 1499 నుంచి బీరు కాస్తున్న చోటు, వాళ్ళ నల్ల బీరు లోకప్రసిద్ధం, అది మాత్రం అసలైన బీరే కాబట్టి నేను ముట్టలేదు. వెళ్ళింది చూడ్డానికి. పొడవాటి చెక్క బల్లలు, నల్లబడిపోయిన దూలాలు, అకార్డియన్ వాయించే పెద్దాయన, చేతికి ఆరేడు మగ్గులు పట్టుకుని తిరిగే వెయిటర్లు. పక్క బల్ల మీద దింపిన మగ్గులోంచి వచ్చిన వాసన, మాడీ మాడని బెల్లం పాకం, రొట్టె అంచు, కొంచెం కాఫీ. ఆ వాసనలో ఆల్కహాల్ పాత్ర చాలా తక్కువ, అదంతా వేయించిన మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ చేసే పని. అలాంటప్పుడు ఆల్కహాల్ తీసేసినా ఈ వాసన నిలబడాలి కదా? నా యాత్ర మొత్తం ఈ ప్రశ్న కోసమే.

రాత్రి గదిలో బిరెల్ పొలొత్మవే సీసా తెరిచాను. నురగ బాగా వచ్చింది, తొందరగా దిగిపోలేదు. మొదటి గుక్కలో చేదు, తర్వాత బిస్కెట్ లాంటి తీపి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు, పావుగంట బయట పెట్టాక రుచి విప్పుకుంది. ఇది నల్లవాటికి అన్నిటికీ వర్తిస్తుంది, ఐస్‌లా ఉన్నప్పుడు తాగి బాగాలేదని పక్కన పెట్టకండి.

శుక్రవారం, హుంపొలెత్స్

ప్రాగ్ నుంచి బ్ర్నో వైపు వెళ్ళే డీ1 హైవే మీద దాదాపు సగం దారిలో, ప్రాగ్‌కి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది హుంపొలెత్స్. వైసొచినా అనే ఎత్తు ప్రాంతం, బంగాళాదుంప పొలాలు, చలి. టూరిస్టులు పెద్దగా ఆగరు. నేను ఆగింది బెర్నార్డ్ బ్రూవరీ కోసం.

ఈ బ్రూవరీ మూలాలు 1597 నాటివి. కమ్యూనిజం పోయాక 1991లో ప్రభుత్వం వేలం వేస్తే స్తనిస్లవ్ బెర్నార్డ్ మరో ఇద్దరు భాగస్వాములతో కలిసి కొన్నాడు. తర్వాత 2001లో బెల్జియం బీరు కంపెనీ డూవెల్ మోర్త్‌గాట్ సగం వాటా తీసుకుంది. వీళ్ళు బీరుని పాశ్చరైజ్ చెయ్యరు, సన్నటి ఫిల్టర్లతో వడకడతారు. నన్ను ఇక్కడికి రప్పించింది ఇదంతా కాదు, వీళ్ళ ఆల్కహాల్ లేని వరుస. దాని పేరుకి 'తేట బుర్రతో' అని అర్థం. అందులో రాగి రంగు యంతర్, రేగుపండు కాదుగానీ ఆ జాతికి దూరపు చుట్టం లాంటి ముదురు ఊదా ప్లమ్ పండు రుచితో ఒకటి, పుల్ల చెర్రీ రుచితో ఒకటి ఉన్నాయి. ఇంత ముదురు రంగులో, పండు రుచితో, ఆల్కహాల్ లేకుండా చేసేవాళ్ళు నాకు తెలిసి ఎక్కువమంది లేరు.

లోపలికి అడుగు పెట్టగానే వాసన కొట్టింది. నేను రాజమండ్రివాణ్ణి. ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగినప్పుడు వచ్చే ఆ వెచ్చటి తీపి వాసన తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు, అచ్చంగా అదే. అందులో వింత కూడా లేదు, హార్లిక్స్‌కి మూలం మొలకెత్తించిన బార్లీయే, బీరుకీ అదే. ఒకటి పొడి అయి పిల్లల గ్లాసులోకి వెళ్ళింది, ఒకటి సీసాలోకి.

చూపించిన అమ్మాయి చాలా ఓపికగా చెప్పింది. చిన్న గిన్నెల్లో మాల్ట్ గింజలు పెట్టి నమిలి చూడమంది. మొదటిది లేతది, పచ్చి పేలాల్లా కరకరలాడింది, చివర్లో చిన్న తీపి. రెండోది కొంచెం ఎక్కువ వేడిలో ఆరబెట్టింది, రొట్టె పైపొర రుచి. మూడోది కారమెల్ మాల్ట్, తడిగా ఉండగానే వేడి చేస్తారు కాబట్టి గింజ లోపలే పిండి చక్కెరగా మారి గట్టిపడుతుంది, పంటికింద గాజులా పెళుక్కుమంది, నోరంతా పాకం. చివరిది కాఫీ గింజ నలుపు, 200 డిగ్రీలు దాటిన వేడిలో వేయించింది, చేదు, బూడిద, ఆ వెనకాల ఒక పులుపు. నాలుక మీద ఈ వరసంతా అయ్యాక ఆ అమ్మాయి అన్న మాట నాకు బాగా పట్టేసింది, కారమెల్ మాల్ట్ నమిలాక ఏ పండు గుర్తొస్తోంది అని అడిగింది. ఎండిన ప్లమ్, ఎండు ద్రాక్ష! పండు కలపకముందే గింజలో ఉంది ఆ రుచి.

ఇప్పుడు ఆల్కహాల్ లేకుండా ఎలా చేస్తారన్నది. స్థూలంగా రెండు దారులు. మామూలుగా బీరు చేసి, తర్వాత ఆల్కహాల్‌ని తీసేయడం ఒకటి. గాలి ఒత్తిడి తగ్గిస్తే తక్కువ వేడికే ఆల్కహాల్ ఆవిరైపోతుంది, లేదంటే సన్నటి పొరల గుండా వడకట్టి వేరు చేస్తారు. రెండోది, అసలు ఆల్కహాల్ తయారవకుండానే చూడటం, అంటే చల్లటి ఉష్ణోగ్రతలో పులియబెట్టి తొందరగా ఆపేయడం, లేదా మాల్ట్‌లో ఉండే ప్రధాన చక్కెర మాల్టోజ్‌ని తినలేని ఈస్ట్‌ని వాడటం. ఈ రెండో పద్ధతిలో పులియని చక్కెర మిగిలిపోతుంది, దాంతో పాటు ఒక ఉడుకు వాసన కూడా మిగులుతుంది. లేత రంగు నెఆల్కో తాగినప్పుడు చాలామంది 'ఏదో గంజిలా ఉంది' అని మొహం చిట్లిస్తారే, అది ఆ వాసనే. ముదురు మాల్ట్ చేసే మేలు ఇక్కడే తెలుస్తుంది. పాకం, మాడు, రొట్టె వాసనల మధ్య ఆ గంజి వాసన విడిగా పైకి తేలదు. ఆల్కహాల్ పోతే పల్చబడే నోటి నిండుదనాన్ని కూడా కారమెల్ మాల్ట్‌లో పులియకుండా మిగిలే పదార్థాలు కొంత పూడుస్తాయి. అందుకే నా ఉద్దేశంలో ఆల్కహాల్ లేని బీరు తాగాలంటే ముదురువే తాగాలి, పరిశ్రమ మాత్రం లేతవాటి వెనక పడుతోంది.

చెక్ బీరులోని చేదు హాప్స్ అనే తీగ పువ్వులది, వాటికి పేరుపొందింది జతెత్స్ ప్రాంతం, ఆ ఊరూ ఆ తోటలూ 2023లో యునెస్కో జాబితాలో చేరాయి. చేదు సరిపడా ఉంటేనే ఈ తీపి కట్టుబడుతుంది, లేకపోతే సిరప్ అయిపోతుంది.

ఆ రాత్రి ఊళ్ళోని ఒక భోజనశాలలో ప్లమ్ రకం తెప్పించుకున్నాను. గ్లాసు అంచున లేత గోధుమ నురగ, కింద ఎర్రటి ముదురు రంగు. ముక్కుకి ముందు పండు తగిలింది, జామ్ వాసన కాదు, పొయ్యి మీద గంటలకొద్దీ ఉడికించిన పండు వాసన. ఇక్కడివాళ్ళు చక్కెర వెయ్యకుండా ప్లమ్‌ని నల్లగా గుజ్జయ్యేదాకా ఉడికించి 'పొవిద్లా' చేస్తారు, ప్రతి ఇంట్లో ఉంటుందిట. తాగితే తీపి ముందుకొచ్చి, వెంటనే హాప్స్ చేదు వచ్చి దాన్ని తుడిచేసింది, చివర్లో మాల్ట్ మాత్రం మిగిలింది. పండుకీ గింజకీ మధ్య ఎక్కడ అతుకుందో వెతికినా దొరకలేదు. ఇంకొకటి తెప్పించుకున్నాను.

శనివారం, కలిష్టే మీదుగా యిహ్లవా

హుంపొలెత్స్‌కి దగ్గర్లో కలిష్టే అని చిన్న పల్లె. సంగీతకారుడు గుస్తవ్ మాలెర్ 1860లో పుట్టింది ఇక్కడే. పుట్టిన ఇల్లు అప్పట్లో సత్రం. అదే ఏడాది కుటుంబం యిహ్లవాకి మారింది, అక్కడ తండ్రి బెర్న్‌హార్ట్ సారా బట్టీ, తాగుడు కొట్టు నడిపాడు. మాలెర్ 1875లో వియన్నా సంగీత కళాశాలకి వెళ్ళేదాకా ఆ ఊళ్ళోనే పెరిగాడు. వాళ్ళు ఉన్న ఇల్లు ఒకటి ఇప్పుడు అక్కడ మ్యూజియం. కింద తాగినవాళ్ళ పాటలు, వీధిలో సైనిక బ్యాండు, ఇవన్నీ వింటూ పెరిగాడని అంటారు, ఆయన సింఫనీల మధ్యలో ఉన్నట్టుండి వీధి పాట లాంటివి దూరడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

యిహ్లవా చౌరస్తా చాలా పెద్దది, మధ్యలో కమ్యూనిస్టుల కాలం నాటి షాపింగ్ భవనం ఒకటి ఆ అందాన్నంతా మింగేస్తోంది. అక్కడ ఒక హోటల్లో ప్లమ్ ఉండలు తిన్నాను. పిండి ముద్ద లోపల పండు పెట్టి ఉడికించి పైన వెన్న, గసగసాలు, చక్కెర పోస్తారు. పూర్ణం బూరెలు ఇష్టమైనవాళ్ళకి ఇది పరాయి తిండి అనిపించదు. దీంతో పుల్ల చెర్రీ రకం తాగాను. ప్లమ్ కన్నా ఇది పులుపు ఎక్కువ, చివర్లో గింజ చేదు లాంటిది ఒకటి, బాదం వాసన. తీపి వంటకం పక్కన చాలా బాగుంది. విడిగా తాగితే మాత్రం సగం గ్లాసు దాటాక నాకు ప్లమ్ వైపే మనసు పోయింది, చెర్రీ తన పులుపుతో మాల్ట్‌ని కొంచెం వెనక్కి నెడుతోంది.

పక్క బల్ల వాళ్ళ దగ్గర నల్లటి గ్లాసు చూసి ఇదేంటని అడిగితే కొఫొలా అన్నారు. 1960లో చెకోస్లొవేకియాలో కోలాకి బదులుగా చేసిన మూలికల పానీయం, బీరులాగే కుళాయిలోంచి పట్టి ఇస్తారు. రుచి చూశాను, బాగుంది, కానీ మన విషయం కాదు.

ఆదివారం, బ్ర్నో

మా పిన్ని కొడుకు బ్ర్నోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున్న మెండెల్ మఠానికి తీసుకెళ్ళాడు. గ్రెగర్ మెండెల్ 1856 నుంచి 1863 దాకా బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసింది ఈ అగస్టీనియన్ మఠం తోటలోనే, ఆయన గాజు ఇంటి పునాదులు ఇప్పటికీ చూడొచ్చు. స్తరొబ్ర్నో బ్రూవరీ ఆ పక్కనే. 'అన్నయ్యా, టెన్త్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన మెండెల్ ఇక్కడ ట్రామ్ స్టాప్' అన్నాడు వాడు. నిజమే, ఆ కూడలి పేరు మెండెల్ స్క్వేర్.

సాయంత్రం వాళ్ళింట్లో అసలు పని. నేను దారి పొడుగునా కొన్నవి, వాడు తెచ్చి పెట్టినవి కలిపి డైనింగ్ టేబుల్ నిండా సీసాలు. మా మరదలు మిరపకాయ బజ్జీలు, జంతికలు, పప్పూ అన్నం, గోంగూర పెట్టింది. వాళ్ళ ఆఫీసు స్నేహితులు కొందరు, అందరూ తెలుగువాళ్ళే, వచ్చారు. సీసాలకి కాగితం చుట్టి, అందరికీ చిన్న గ్లాసుల్లో పోశాం, ఏది ఏదో మరదలికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక్కడ చాలా నేర్చుకున్నాను. పంపర పనస రుచితో ముదురు రంగుది ఒకటి ఉంది, ఎవరి తయారీయో పేరు చెప్పను, దాన్ని ఒక్కరు కూడా ఇంకోసారి అడగలేదు. నిమ్మజాతి పులుపు లేత బీరుకి సరిపోతుంది, వేయించిన మాల్ట్ చేదు మీద పడితే రెండు చేదులూ కలిసి గొంతులో మాత్ర కరిగినట్టు ఉంటుంది. అందరి దగ్గరా గెలిచినవి ప్లమ్, చెర్రీ, అందుకు కారణం హుంపొలెత్స్‌లో నమిలిన ఆ కారమెల్ గింజలోనే ఉంది. ముదురు మాల్ట్‌లో ముందే ఉన్న రుచికి దగ్గరి పండునే కలపాలి. ఎండు పళ్ళు, కాఫీ, కోకో, వగరు పళ్ళు, ఇవన్నీ ఆ గింజకి చుట్టాలు. మార్కెట్‌లో ఏ రుచి అమ్ముడవుతోందో చూసి తెచ్చి పోస్తే కుదరదు.

బజ్జీతో అందరి కన్నా బాగా నిలబడింది ఏ రుచీ కలపని యంతర్. మిరప మంట మీద తీపి పడి చల్లబరిచింది, నూనెని చేదు కోసేసింది. గోంగూరతో చెర్రీ వద్దు, పులుపు మీద పులుపు. జంతికలతో అన్నీ బాగున్నాయి. ఆవకాయ తీసేసరికి మాత్రం ఏ బీరూ నోట్లో తెలియలేదు, అది ముందే ఊహించాల్సిన విషయం.

చివర్లో మరదలు ఒక పని చేసింది. 'బావగారూ, దీంట్లో కొంచెం శొంఠి వేసి చూడనా' అంది. సీసాలోని యంతర్‌ని గ్లాసులో పోసి, శొంఠి, రెండు మిరియాలు నలిపి మరిగించిన బెల్లం పానకం ఒక చెంచా కలిపింది. నురగ పొంగి బల్ల మీద పడింది. తాగితే మొదట బెల్లం, తర్వాత మాల్ట్, ఆ తర్వాత నిదానంగా శొంఠి గొంతులో వెచ్చగా. బెల్లానికీ కారమెల్ మాల్ట్‌కీ ఎంత దగ్గరితనమో! శ్రీరామనవమి పానకం తాగి పెరిగిన మేమందరం మాట్లాడకుండా గ్లాసులు ముందుకి జరిపాం. మరదలు మళ్ళీ పానకం కాచింది.

షుగర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఆల్కహాల్ లేదు కదా అని ధైర్యంగా తాగేయకండి. తొందరగా పులియబెట్టడం ఆపిన రకాల్లో చక్కెర మిగులుతుంది, పండు రుచివాటిలో అది ఇంకా ఎక్కువ. లేబుల్ వెనక అంకె చూసి తాగండి.

సోమవారం, రైహ్రద్

బ్ర్నోకి దక్షిణంగా కాసేపట్లో చేరుకునే చిన్న ఊరు రైహ్రద్. పెద్ద బెనెడిక్టైన్ మఠం, అందులో మొరావియా సాహిత్య మ్యూజియం ఉన్నాయి. బెర్నార్డ్ వాళ్ళ సొంత మాల్ట్ తయారీ కేంద్రం కూడా ఈ ఊళ్ళోనే. పాత పద్ధతిలో, నానబెట్టిన బార్లీని గచ్చు నేల మీద పల్చగా పరిచి, రోజుల తరబడి తిరగేస్తూ మొలకెత్తిస్తారు. గుట్టగా వదిలేస్తే మొలకల వేడికి గింజలన్నీ వేళ్ళు పెనవేసుకుని గడ్డకట్టిపోతాయి, అందుకే తిరగెయ్యడం. మన ఇళ్ళల్లో రాగులు మొలకెత్తించి మాల్ట్ పొడి చేసేటప్పుడు గుడ్డలో మూట కట్టి రెండు పూటలా విప్పి చూసేది కూడా అందుకే. లోపలికి వెళ్ళే ఏర్పాటు మాకు లేదు, బయట రోడ్డు మీదే తిరిగాం.

తిరుగు ప్రయాణంలో ట్రైన్‌లో తమ్ముడూ నేనూ మాట్లాడుకున్నదంతా ఒకటే. హైదరాబాద్‌లో కూల్‌బర్గ్ లాంటి ఆల్కహాల్ లేని బీర్లు దొరుకుతున్నాయి, పీచ్, అల్లం, క్రాన్‌బెర్రీ, పుదీనా, ఇంకా చాలా రుచులు. పెద్ద కంపెనీల 0.0 కూడా వచ్చేసింది. ముదురు మాల్ట్‌తో చేసిన పండు రుచిది మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు. మన మైక్రోబ్రూవరీలు స్టౌట్ అనే నల్ల బీరు చేస్తూనే ఉన్నాయి, అంటే వేయించిన మాల్ట్ వాళ్ళ గోదాముల్లో ఉంది. ఎవరైనా బ్రూవర్ ఇది చదువుతుంటే నాది ఒక్కటే మనవి, ప్లమ్ దిగుమతి చేసుకోవద్దు. మన నేరేడు పండు ఉంది. ముదురు ఊదా రంగు, తీపి, పైన వగరు, కారమెల్ మాల్ట్‌కి సరిగ్గా కావలసిన చుట్టం. వానాకాలం మొదట్లో బండ్ల మీద గుట్టలుగా పోస్తారు. గుజ్జు ఉడికించి, ముదురు మాల్ట్‌తో, చేదు తగ్గించకుండా ఆల్కహాల్ లేకుండా ఒక్క బ్యాచ్ చేసి చూడండి. మొదటి గ్లాసుకి డబ్బులిచ్చి తాగడానికి నేను రాజమండ్రి నుంచి బస్సెక్కి వస్తాను.